పిల్లాపాపలతో క్రూయిజ్ ఎక్కే రోజు: ఏది ముందు, ఏది తర్వాత

క్రూయిజ్ బుక్ చేసుకున్న కుటుంబాలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఓడ బయల్దేరేది సాయంత్రం కదా, మధ్యాహ్నానికే ఎందుకు రమ్మంటారు, అప్పటిదాకా పిల్లలతో ఏం చేయాలి? కొందరికి లగేజీ గురించి సందేహం, కొందరికి ఎక్కిన రోజు చేయించే సేఫ్టీ డ్రిల్ గురించి. అన్నిటికీ ఆ రోజు జరిగే వరుసలోనే సమాధానాలు రాస్తున్నాను.

ఎక్కే రోజు ఇబ్బందులు చాలావరకు ఒకే కారణంతో వస్తాయి. టెర్మినల్ దగ్గర అప్పగించిన పెద్ద పెట్టెలు సాయంత్రం దాకా, ఒక్కోసారి రాత్రి భోజనాల వేళ దాకా మన చేతికి రావు. ఈలోపు పిల్లాడు బట్టలు తడుపుకుంటాడు, అమ్మమ్మ బీపీ మాత్ర వేసుకునే టైమవుతుంది, ఫోన్ చార్జింగ్ అయిపోతుంది. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు చేతి బ్యాగుకీ, ఓడ ఎక్కాక మొదటి రెండు గంటలకీ ఇచ్చాను.

1. కాగితాలు: టికెట్ కొన్న వారంలోనే చూడండి

కాగితాల్లో తేడా ఉంటే టెర్మినల్ దగ్గర ఎవరూ ఏమీ చేయలేరు. డబ్బు కట్టినా, పెట్టెలు సర్దుకొచ్చినా, ఓడ ఎక్కనివ్వరు.

- ప్రయాణం ముగిసే తేదీ తర్వాత కనీసం ఆరు నెలలు పాస్‌పోర్టు చెల్లేలా చూసుకోండి. పిల్లల పాస్‌పోర్టు గడువు పెద్దలకంటే తక్కువ ఉంటుంది కాబట్టి విడిగా చూడాలి.
- బుకింగ్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా సరిచూడండి.
- ఓడ ఆగే ప్రతి దేశానికీ వీసా అవసరమేమో చూడండి. ఓడ ఒక దేశంలో బయల్దేరి, వేరే దేశాలు తిరిగి, మళ్లీ అక్కడికే వస్తుంటే ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చే వీసా సరిపోదు. తిరిగి అడుగు పెట్టడం రెండో ప్రవేశం కింద లెక్క. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.
- తల్లిదండ్రుల్లో ఒక్కరే పిల్లలతో వెళ్తున్నా, తాతయ్య అమ్మమ్మలు తీసుకెళ్తున్నా వెంట రాని తల్లి లేదా తండ్రి (ఇద్దరూ రాకపోతే ఇద్దరి) సమ్మతి పత్రం దగ్గర ఉంచుకోండి. నోటరీ చేయించినదైతే మంచిది.
- పసిపిల్లలకు చాలా కంపెనీల్లో కనీస వయసు ఆరు నెలలు. మహాసముద్రం దాటే ప్రయాణాలకూ, వరసగా చాలా రోజులు రేవు తగలని ప్రయాణాలకూ ఏడాది నిండాలంటారు.
- గర్భిణులకు ప్రయాణం ముగిసేలోపు 24వ వారం వచ్చేస్తే చాలా కంపెనీలు అనుమతించవు. లెక్క బయల్దేరే రోజుకు కాదు, తిరిగొచ్చే రోజుకు వేయాలి. డాక్టర్ ఉత్తరం కూడా అడుగుతారు.

2. ఆన్‌లైన్ చెకిన్: తెరిచిన రోజే పూర్తిచేయండి

ప్రయాణానికి కొన్ని వారాల ముందు ఆన్‌లైన్ చెకిన్ మొదలవుతుంది. అందులో పాస్‌పోర్టు వివరాలు, ప్రతి ఒక్కరి ఫోటో, ఓడలో ఖర్చులకు బ్యాంకు కార్డు నంబరు ఇవ్వాలి. టెర్మినల్‌కు ఎన్నింటికి రావాలో ఆ సమయం కూడా చాలా కంపెనీల్లో అక్కడే ఎంచుకోవాలి. మంచి సమయాలు ముందు వచ్చినవాళ్లకే దొరుకుతాయి.

ఏ సమయం ఎంచుకోవాలి? పసిపిల్లలుంటే నా సలహా మధ్యలో సమయం. మొదటి సమయానికే వెళ్తే ఎక్కేసరికి క్యాబిన్లు సిద్ధంగా ఉండవు. నిద్ర వేళకు పిల్లల్ని పడుకోబెట్టే చోటు దొరకదు. కాస్త పెద్ద పిల్లలైతే తొందరగా వెళ్లడమే మేలు. ఈతకొలను ఖాళీగా ఉండేది ఆ గంటే.

చివరి నిమిషంలో వెళ్లడం మాత్రం వద్దు. ప్రయాణికుల జాబితాను కంపెనీ ముందుగానే అధికారులకు పంపాలి. అందుకని ఓడ కదలడానికి గంట, గంటన్నర ముందే చెకిన్ మూసేస్తారు. నాలుగింటికి బయల్దేరే ఓడకు మూడున్నరకు చేరితే ఓడ కళ్లముందే ఉంటుంది, ఎక్కనివ్వరు.

కంపెనీ యాప్‌ను ఇంట్లోనే దించుకుని, లాగిన్ అయి చూడండి. బోర్డింగ్ పాస్ స్క్రీన్‌షాట్ తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. టెర్మినల్‌లో వేలమంది ఒకేసారి ఫోన్లు వాడుతుంటే నెట్ అందకపోవచ్చు.

3. రేవు ఉన్న ఊరికి ముందు రోజే చేరండి

విమానంలో వెళ్లి ఓడ ఎక్కాల్సి ఉంటే అదే రోజు విమానం పెట్టుకోకండి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. తర్వాతి రేవులో ఎక్కుదామనుకున్నా కాగితాలు, అనుమతులు అన్నిసార్లూ కుదరవు. ఒక రాత్రి హోటల్ ఖర్చు దీనికి కట్టే బీమా లాంటిది. పిల్లలు కూడా నిద్రపోయి లేచిన ముఖాలతో ఓడ ఎక్కుతారు.

పెద్ద ఊళ్లలో ఒకటికి మించి టెర్మినళ్లుంటాయి. ట్యాక్సీకి రేవు పేరు ఒక్కటే చెబితే చాలదు, టెర్మినల్ పేరో నంబరో కూడా చెప్పాలి.

4. చేతి బ్యాగు: ఆ రోజంతా దీనిమీదే నడుస్తుంది

పెద్ద పెట్టెల్లో ఏం పెట్టాలన్నది తర్వాత ఆలోచించవచ్చు. ముందు ఇది సర్దండి. కుటుంబం మొత్తానికి ఒకే పెద్ద బ్యాగు కాకుండా, పెద్దలకు తలొక వీపు సంచి ఉంటే చేతులు ఖాళీగా ఉంటాయి, పిల్లల్ని పట్టుకోవచ్చు. క్యాబిన్ తెరిచేదాకా ఈ బరువు మీ వెంటే తిరుగుతుంది కాబట్టి అనవసరమైనవి తీసేయండి.

తప్పకుండా ఉండాల్సినవి:

- అందరి పాస్‌పోర్టులు, వీసాలు, బోర్డింగ్ పాస్‌లు, సమ్మతి పత్రాలు, బీమా కాగితం. అన్నీ ఒకే ఫోల్డర్‌లో, ఒకే మనిషి దగ్గర ఉండాలి.
- రోజూ వేసుకునే మందులన్నీ. ఆ రోజుకి సరిపడా మాత్రమే కాదు, మొత్తం ప్రయాణానికి సరిపడా. పెట్టె పోయినా మందులు పోకూడదు.
- పిల్లల జ్వరం మందు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఓడ ఊగినప్పుడు వచ్చే కడుపు తిప్పుడుకు డాక్టర్ చెప్పిన మాత్ర.
- డైపర్లు, తడి వైప్స్, పాలపొడి, సీసా.
- అందరి ఈత బట్టలు, ఒక జత మార్చుకునే బట్టలు, ఒక పలుచటి చలి దుస్తు. ఓడ లోపల ఏసీ గట్టిగానే ఉంటుంది.
- చార్జర్, పవర్ బ్యాంక్.
- కళ్లద్దాలు, సన్‌స్క్రీన్, టోపీ.
- నగలు, కెమెరా, ల్యాప్‌టాప్ లాంటి విలువైనవి.
- సీలు తీయని చిరుతిళ్లు కొన్ని, వరుసలో నిలబడేటప్పుడు పిల్లలకు ఒక చిన్న బొమ్మో రంగుల పుస్తకమో.

ఇందులో ఈత బట్టలే అందరూ మరిచిపోతారు. పిల్లలకు కొలను కనిపిస్తూ ఉంటుంది, ఈత బట్టలేమో పెద్ద పెట్టెలో ఎక్కడో ఓడ అడుగున ఉంటాయి. హోటల్లో బయల్దేరేటప్పుడే పిల్లలకు లోపల ఈత బట్టలు వేసేస్తే ఇంకా సుఖం.

ఇన్సులిన్ లాంటి చల్లగా ఉంచాల్సిన మందులుంటే ఒక సంగతి. క్యాబిన్‌లోని చిన్న ఫ్రిజ్ చాలా ఓడల్లో పానీయాలు చల్లబరచడానికే పెట్టినది, మందులకు కావాల్సినంత చల్లదనం ఇవ్వకపోవచ్చు. మందులకు తగిన ఫ్రిజ్, వాడిన సూదులు వేసే డబ్బా కావాలని ముందుగానే కంపెనీకి రాసి పెట్టండి.

5. పెద్ద పెట్టెలు: ట్యాగులు, నిషేధాలు

లగేజీ ట్యాగు మీద మీ పేరు, క్యాబిన్ నంబరు ఉంటాయి. ఇంట్లోనే ప్రింట్ తీసి, మడిచి, పైన పారదర్శకమైన టేపు చుట్టి, పెట్టె పిడికి గట్టిగా స్టేపుల్ చేయండి. పాత విమాన ట్యాగులన్నీ పీకేయండి. లోపల కూడా పేరు, క్యాబిన్ నంబరు రాసిన కాగితం ఒకటి వేయండి. ట్యాగు కట్టాక ప్రతి పెట్టెకూ ఒక ఫోటో తీసుకోండి, పెట్టె కనిపించకపోతే సిబ్బందికి చూపించవచ్చు.

ఓడకు అన్నిటికంటే పెద్ద భయం అగ్ని. వేడెక్కే వస్తువులను రానివ్వకపోవడానికి కారణం అదే. పెట్టెలన్నీ ఎక్స్‌రేలో చూస్తారు, అలాంటిది కనిపిస్తే ఆ పెట్టె క్యాబిన్‌కు రాకుండా సెక్యూరిటీ గదిలో ఆగిపోతుంది.

సాధారణంగా ఆపేవి:

- ఇస్త్రీ పెట్టె, స్టీమర్, నీళ్లు కాచే కెటిల్, చిన్న రైస్ కుక్కర్
- కొవ్వొత్తులు, అగరుబత్తులు
- సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు
- పెద్ద కత్తులు
- కంపెనీ నియమానికి మించిన మద్యం
- ఇంట్లో వండిన తిండి

పసివాళ్ల పాలు, సీలు వేసిన తిండి ప్యాకెట్ల విషయంలో చాలా కంపెనీలు పట్టువిడుపుగానే ఉంటాయి. మీ కంపెనీ జాబితా మాత్రం తప్పక చదవండి, ఒకదానికీ ఇంకోదానికీ తేడాలుంటాయి.

6. టెర్మినల్‌లో జరిగే వరుస

ఇది విమానాశ్రయానికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి త్వరగా చెప్పేస్తాను.

1. కారు దిగగానే పోర్టర్లు పెద్ద పెట్టెలు తీసుకుంటారు. వాళ్లకు ఇచ్చే ముందు ఫోల్డరూ మందులూ మీ వీపు సంచిలోనే ఉన్నాయా చూడండి. పెట్టె వెళ్లిపోయాక వెనక్కి తెచ్చివ్వడం వాళ్ల చేతిలో ఉండదు.
2. బోర్డింగ్ పాస్, పాస్‌పోర్టు చూపించి లోపలికి వెళ్లాలి.
3. చేతి బ్యాగుల తనిఖీ ఉంటుంది.
4. చెకిన్ కౌంటర్‌లో పత్రాలు, ఫోటో సరిచూస్తారు. ఆరోగ్యం గురించి కొన్ని ప్రశ్నలుంటాయి.
5. ఇమిగ్రేషన్ ఉన్న రేవుల్లో ముద్ర వేయించుకోవాలి.
6. వంతెన మీదుగా ఓడలోకి. అక్కడ ఓడ వాళ్లిచ్చిన కార్డో (ఇకపై కార్డంటే చాలాచోట్ల ఇదే) బోర్డింగ్ పాసో స్కాన్ చేస్తారు. అప్పటి నుంచి దిగినా ఎక్కినా ప్రతిసారీ ఈ స్కాన్ ఉంటుంది.

ఆరోగ్య ప్రశ్నల దగ్గర ఒక మాట. గత రెండు మూడు రోజుల్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయి ఉంటే నిజమే చెప్పండి. సిబ్బంది పరీక్షించి నిర్ణయిస్తారు. దాచిపెడితే నోరోవైరస్ లాంటిది నాలుగైదు రోజుల్లో ఓడంతా పాకిపోతుంది, మొదట జబ్బు పడేది మీ పిల్లలతో ఆడుకునే పిల్లలే.

7. ఎక్కగానే మొదటి పని: మస్టర్

భోజనం కంటే ముందు ఇది చేయమంటాను. మస్టర్ అంటే ప్రమాదం వస్తే మీ కుటుంబం ఎక్కడ చేరాలో తెలుసుకునే తప్పనిసరి కార్యక్రమం, సేఫ్టీ డ్రిల్ అనేది దీన్నే. ఆ చోటు అక్షరమో నంబరో మీ కార్డు మీద ఉంటుంది.

దీన్ని మొక్కుబడిగా చూసేవాళ్లు చాలామంది. కానీ 2012 జనవరి 13న ఇటలీలోని జిల్యో దీవి దగ్గర కోస్టా కాంకార్డియా ఓడ రాయికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే చివిటవెక్యా రేవులో ఎక్కిన వందల మందికి డ్రిల్ ఇంకా జరగలేదు. ఎక్కాక 24 గంటల్లోపు జరిపితే చాలన్నది అప్పటి నియమం. ఆ తర్వాత అంతర్జాతీయ సముద్ర భద్రతా నియమాలు మార్చారు. 2015 జనవరి 1 నుంచి ఓడ కదిలే ముందో, కదిలిన వెంటనో డ్రిల్ జరిగి తీరాలి.

ఇప్పుడు చాలా ఓడల్లో పద్ధతి తేలికైంది. యాప్‌లోనో క్యాబిన్ టీవీలోనో వీడియో చూసి, తర్వాత మీ మస్టర్ స్టేషన్‌కు వెళ్లి కార్డు స్కాన్ చేయించుకోవాలి. ఇంకొన్ని ఓడల్లో అందరినీ ఒకే సమయానికి పిలిచి పాత పద్ధతిలోనే చేస్తారు. ఏ పద్ధతైనా, పిల్లలతో సహా అందరూ వెళ్లాలి.

అక్కడ చూసుకోవాల్సినవి:

- ప్రమాద సంకేతం: ఏడు చిన్న కూతలు, తర్వాత ఒక పొడవాటి కూత. పిల్లల చేత లెక్కపెట్టించండి, బాగా గుర్తుంటుంది.
- మీ పిల్లల బరువుకు తగ్గ లైఫ్‌జాకెట్లు ఎక్కడున్నాయి? కొన్ని ఓడల్లో క్యాబిన్‌లో, కొన్నిట్లో మస్టర్ స్టేషన్‌లోనే పెడతారు. క్యాబిన్‌లో పసిపిల్లల సైజు లేకపోతే వెంటనే అడగండి.
- క్యాబిన్ నుంచి మస్టర్ స్టేషన్‌కు మెట్ల దారి. ప్రమాదంలో లిఫ్టులు వాడకూడదు. అందుకని ఒకసారి నడిచి చూడండి.
- చాలా ఓడల్లో పిల్లల చేతికి మస్టర్ స్టేషన్ గుర్తు ఉన్న పట్టీ కడతారు. ప్రయాణమంతా తీయనివ్వకండి.
- పిల్లలు ఓడలోని పిల్లల క్లబ్‌లో (సిబ్బంది పిల్లల్ని ఆడించే చోటు) ఉన్నప్పుడు సంకేతం మోగితే ఎవరు వాళ్లను తెస్తారు, ఎక్కడికి తెస్తారు? ఈ ఒక్క ప్రశ్న క్లబ్ సిబ్బందిని నేరుగా అడిగి, జవాబు ఇంట్లో పెద్దలందరికీ చెప్పండి.

8. రెండో గంట: క్లబ్, టేబుల్, తర్వాతే తిండి

మస్టర్ అయ్యాక పెద్దలిద్దరుంటే పనులు పంచుకోండి. ఒకరు పిల్లల క్లబ్‌కు, ఒకరు భోజనాల సంగతికి.

పిల్లల క్లబ్ సాధారణంగా మూడేళ్ల నుంచి మొదలవుతుంది, డైపర్ మానేసి ఉండాలంటారు. మూడేళ్లలోపు వాళ్లకు నర్సరీ ఉంటే చోట్లు తక్కువ, మొదటి రోజే నిండిపోతాయి. పేరు నమోదు చేసేటప్పుడు ఎలర్జీలు రాయించండి, పిల్లాడిని ఎవరెవరు తీసుకెళ్లొచ్చో చెప్పండి. తాతయ్య, అమ్మమ్మ పేర్లు కూడా అప్పుడే చేర్చండి.

ఎలర్జీ ఉన్నా, శాకాహారులైనా బుకింగ్‌లో రాసిందే చాలనుకోకండి. మొదటి రోజు భోజనశాల మేనేజర్‌తో మాట్లాడి ఖాయం చేసుకోండి. రాత్రి భోజన సమయం పిల్లల నిద్రవేళకు కుదరకపోతే మార్చమని అడగడానికి కూడా ఇదే అదను, రేపటికి ఖాళీలుండవు.

ఇక తిండి. ఎక్కినవాళ్లంతా బఫేకే పరుగెత్తుతారు. చాలా ఓడల్లో ఆ మధ్యాహ్నం పెద్ద భోజనశాల కూడా తెరిచి ఉంటుంది, అక్కడ కూర్చోబెట్టి వడ్డిస్తారు. రద్దీ తక్కువ. ఎక్కడ తిన్నా ముందు సబ్బుతో చేతులు కడిగించండి. నోరోవైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బూ నీళ్లూ కావాల్సిందే.

ఈతకొలనుకు వెళ్లే ముందు నియమాల బోర్డు చదవండి. డైపర్ మానని పిల్లల్ని, ఈత డైపర్ వేసినా సరే, మామూలు కొలనుల్లోకి రానివ్వరు. కొన్ని ఓడల్లో వాళ్లకోసం విడిగా నీళ్లాట చోటు ఉంటుంది. కొలను దగ్గర లైఫ్‌గార్డు అన్ని ఓడల్లోనూ ఉండడు. ఉన్నా లేకపోయినా పెద్దవాళ్లు ఒకరు నీళ్ల అంచునే ఉండండి, ఫోన్ చూడకుండా.

9. క్యాబిన్ తెరిచాక

చాలా ఓడల్లో క్యాబిన్లు ఒంటిగంట, ఒకటిన్నర ప్రాంతంలో తెరుస్తారు. బ్యాగులు పడేసి బయటికి పరుగెత్తకండి, పది నిమిషాలు గది చూడండి.

- తలుపులు బరువైనవి. ముఖ్యంగా బాల్కనీ తలుపు తీసి ఉన్నప్పుడు గది తలుపు గాలికి ధబాలున మూసుకుంటుంది. వేళ్లు నలిగేది అప్పుడే. రెండు తలుపులు ఒకేసారి తెరవకూడదని పిల్లలకు చెప్పండి.
- బాత్రూమ్ గుమ్మం ఎత్తుగా ఉంటుంది. రాత్రిపూట తట్టుకుని పడకుండా పిల్లలకీ పెద్దవాళ్లకీ చూపించండి.
- బాల్కనీలో కుర్చీలు, బల్ల రెయిలింగ్‌కు దూరంగా జరపండి. పెద్దలు లేకుండా పిల్లలు బాల్కనీలో ఉండకూడదు. ఈ విషయంలో మినహాయింపు లేదు.
- పసిపాప మంచం, పై బెర్తు నిచ్చెన, రక్షణ కమ్మీ ఉన్నాయా చూడండి. లేకపోతే గది చూసే సిబ్బందికి ఇప్పుడే చెప్పండి.
- పాస్‌పోర్టులు, నగలు సేఫ్‌లో పెట్టండి.

గోడలు చాలావరకు ఉక్కువే కాబట్టి అయస్కాంతపు కొక్కేలు అంటుకుంటాయి. తడి ఈత బట్టలకీ టోపీలకీ నాలుగు కొక్కేలు తెచ్చుకుంటే గది సర్దుకున్నట్టుంటుంది.

తర్వాత పిల్లలతో ఓడలో ఒక చుట్టు తిరగండి. క్యాబిన్ నంబరులో మొదటి అంకెలు డెక్‌ను, అంటే ఓడ అంతస్తును చెబుతాయి. పొడవాటి నడవలు ఒకేలా ఉండి పెద్దవాళ్లే తికమకపడతారు. తప్పిపోతే ఎక్కడ ఆగాలో ఒక చోటు ఖాయం చేసుకోండి. ఓడ మధ్యలో ఉండే రిసెప్షన్ బల్ల అన్నిటికంటే మంచిది, అక్కడ ఎప్పుడూ మనిషి ఉంటాడు.

10. ఫోన్, కార్డు

ఓడ కదలకముందే అన్ని ఫోన్లూ, పిల్లల ట్యాబ్‌లతో సహా, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. సముద్రంలో ఓడ సొంత మొబైల్ నెట్‌వర్క్‌కు ఫోన్ దానంతటదే తగులుకుంటే రోమింగ్ బిల్లు గుండె గుభేలుమనిపిస్తుంది. కావాలంటే వైఫై మాత్రం ఆన్ చేసుకోండి.

ఓడలో నగదు నడవదు, ఓడ కార్డు గీస్తే మీ ఓడ ఖాతాలో పడుతుంది. పిల్లల కార్డులకు ఖర్చు చేసే వీలు ఆపించండి, లేదా పరిమితి పెట్టించండి. ఆ ఖాతాకు డెబిట్ కార్డు ఇస్తే కంపెనీ కొంత మొత్తాన్ని బ్యాంకులో ముందే ఆపి ఉంచుతుంది, అది విడుదలయ్యేసరికి రోజులు పడుతుంది. క్రెడిట్ కార్డు మేలు. రోజువారీ టిప్పులు కూడా చాలా కంపెనీలు తలకింతని ఖాతాలోనే వేస్తాయి, బడ్జెట్‌లో లెక్కవేసుకోండి.

11. సాయంత్రం: తేడా వస్తే ఏం చేయాలి

పెట్టె రాలేదు. రాత్రి భోజనం ముగిసేదాకా ఆగండి. ముందు మీ నడవ రెండు వైపులా చూడండి, పక్క క్యాబిన్ ముందు పెట్టి ఉండొచ్చు. అప్పటికీ లేకపోతే రిసెప్షన్‌కు వెళ్లి ఫోటో చూపించండి. ట్యాగు ఊడిన పెట్టెలూ, సెక్యూరిటీ ఆపిన పెట్టెలూ ఎక్కడున్నాయో వాళ్లకు తెలుసు.

పిల్లాడికి తిప్పుతోంది. మాత్ర తిప్పుడు మొదలయ్యాక వేస్తే అంతగా పనిచేయదు, ఓడ కదలడానికి ముందే వేయాలి. మోతాదు పిల్లల డాక్టర్ చెప్పిందే. మాత్ర వేయకపోయి ఉంటే ఓడ మధ్యభాగంలో, కింది డెక్‌లలో కూర్చోబెట్టండి, ఊగుడు అక్కడ తక్కువ. దూరంగా సముద్రమూ ఆకాశమూ కలిసే గీత చూడమనండి. ట్యాబ్, పుస్తకం పక్కన పెట్టించండి. వాంతులు ఆగకపోతే ఓడలో ఆసుపత్రి ఉంటుంది, దాని ఖర్చు మీ ఖాతాలో పడుతుంది కాబట్టి రసీదు బీమాకోసం దాచండి.

పిల్లలు అలసిపోయి ఏడుస్తున్నారు. మొదటి రాత్రి పెద్ద భోజనశాలా, షో, డెక్ మీద పాటలూ అన్నీ చూడాలనుకోకండి. బఫేలో త్వరగా తినిపించి పడుకోబెట్టండి. అదే భోజనశాల రేపూ ఉంటుంది.

రేపటి సమయం. టైమ్ జోన్ మారే ప్రయాణమైతే ఓడ సమయం ఒకటి, రేవులో ఫోన్ చూపించేది ఒకటి అవుతుంది. చేతి గడియారం ఒకటి ఓడ సమయానికి పెట్టుకుని, రేవుల్లో దిగినప్పుడు దాన్నే నమ్మండి. పడుకునే ముందు మరుసటి రోజు కార్యక్రమాల పట్టిక చూసి, దిగే రేవైతే తిరిగి ఎక్కాల్సిన ఆఖరి సమయం కాగితం మీద రాసి తలుపుకు అంటించండి.